అరవై ఒకటో నంబరు

ముందు చప్పుడు వినిపిస్తుంది. ‘టక్’మని, చెక్కబల్ల మీద చిన్న లోహపు వస్తువేదో బోర్లా పడుకున్నట్టు. తర్వాత ఒక కుర్చీ నేలని గీరుకుంటూ జరుగుతుంది. కాసేపటికి ఇంకో కుర్చీ, ఈసారి నెమ్మదిగా, ఒళ్ళంతా నొప్పులున్న మనిషి ఆచితూచి కూర్చుంటున్నట్టు. ఆపైన ఒక ఊపిరి, నీళ్ళలోకి దిగేముందు పీల్చుకునేలాంటిది. అప్పుడు గాని ఆవిడ గొంతు రాదు.

“చెప్పండి. ఎలా ఉన్నారు?”

ఈ వరస టైపిస్టుకి ఆరేళ్ళుగా కంఠతా వచ్చు. మొదటి చప్పుడు చేతి గడియారానిదని రెండో ఏడాదికి గాని తెలియలేదు. ఎదురుగా కూర్చున్న రోగి ముందు టైము చూసుకోకూడదని, మాటలు మొదలుపెట్టే ముందు ఆవిడ గడియారం విప్పి, ముఖం కిందికి తిప్పి బల్ల మీద పెడుతుందట. అది తెలిసేదాకా టైపిస్టు తాళంచెవి అనుకుంది, మందుడబ్బా మూత అనుకుంది. కాగితం మీద మాత్రం ఏమీ అనుకోకుండా (చప్పుడు) అని రాసింది. పని నేర్పిన రోజున ఆవిడ పెట్టిన మొదటి నియమం అదే. విన్నది రాయాలి, అనుకున్నది రాయకూడదు. ఏడ్చాడని రాయకూడదు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు అని రాయాలి. ఏడ్చాడో జలుబు చేసిందో తేల్చడం మన పని కాదు.

ఆవిడది విచిత్రమైన ఉద్యోగం. పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, ఎక్స్‌రే ఫిల్ములు దాచే గది పక్కన, ఒక చిన్న గది. బల్ల, రెండు కుర్చీలు, వెనక గోడవైపు తెరుచుకునే కిటికీ. మందివ్వదు, సూది వెయ్యదు, నాడి పట్టదు. పెద్ద జబ్బు పట్టిన మనుషుల్ని పిలిచి కూర్చోబెట్టి, ఆ జబ్బుతో రోజు ఎలా వెళ్ళదీస్తున్నారో అడుగుతుంది. పొద్దున లేవగానే ముందు ఏం గుర్తొస్తుంది? నొప్పి తిరగబెట్టినప్పుడు ఎవరిని పిలుస్తారు? ఎవరినీ పిలవకపోతే ఏం చేస్తారు? ఆ జవాబుల్లోంచి ఏం చేసినవాళ్ళు తట్టుకున్నారు, ఏం చేసినవాళ్ళు కుంగిపోయారు అన్నది ఏరి, పేర్చి, పుస్తకాలుగా రాస్తుంది. కొందరు డాక్టర్లు చదువుతారు. మిగిలినవాళ్ళు చదివామని చెబుతారు.

గుమ్మం మీద ‘ఆరోగ్య మనస్తత్వ పరిశోధన’ అని బోర్డు ఉంది గాని ఆ పేరు పలికే ఓపిక వార్డుల్లో ఎవరికీ లేదు. అందరికీ ఆవిడ ‘ఎలా మేడం’.

“ఇవాళ ఎలా మేడం వచ్చిందా?”

“వచ్చింది. నిన్నే రమ్మంది. వెళ్ళు, వెళ్ళి నీ గోడంతా వెళ్ళబోసుకో, నా చెవులకి కాస్త విశ్రాంతి.”

ఇలాంటి మాటలు కూడా టేపుల్లో పడేవి, తలుపు తెరిచి ఉన్నప్పుడు. ఆ గదిలో మాటల రికార్డింగులు గోరంత మెమరీ కార్డుల్లో వచ్చినా వాటిని అందరూ టేపులనే అంటారు.

ఆవిడ సంగతులు టైపిస్టుకి తెలిసినవి ఆ టేపుల్లోంచి అక్కడొకటి ఇక్కడొకటి రాలినవే. ఎదుటివాళ్ళు నోరు విప్పకపోతే మేడం తన గురించి ఓ ముక్క చెప్పేది, పిట్టకి గింజ వేసినట్టు. ఇరవై ఏడేళ్ళ కిందట మాత్రలు లెక్కపెట్టే ఉద్యోగంలో చేరిందట. ఇంటింటికీ వెళ్ళి, సీసాలో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి, రోగి మింగాడో మింగలేదో రాసుకు రావడం. ఒక తాపీమేస్త్రీ విసిగిపోయి, “మాత్ర మింగావా మింగావా అని ప్రాణం తీస్తావు గాని తల్లీ, మింగేవాడు ఎలా ఉన్నాడని ఒక్కనాడైనా అడిగావా?” అన్నాడట. ఆవిడ సీసా కింద పెట్టి, “ఎలా ఉన్నారు?” అంది. మేస్త్రీ రెండు గంటలు మాట్లాడాడు. మాత్రలు లెక్కపెట్టడం ఆ రోజు మరిచేపోయింది.

“అప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాను” అంది మేడం ఆ టేపులో.

(నవ్వు) అని రాసింది టైపిస్టు. ఎవరి నవ్వో రాయలేదు. ఇద్దరూ నవ్వారు.

*

టైపిస్టు ఇల్లు ఇస్త్రీ దుకాణం పైన రెండు గదులు. కింద బొగ్గుల వేడి, పైన కిటికీ పక్కన ఆమె బల్ల. చెవుల్లో టేపు వినే గొట్టాలు, వేళ్ళ కింద మీటలు, కాలి కింద పెడల్. పెడల్ నొక్కితే గొంతు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో తంతే వెనక్కి వెళ్తుంది. భర్త దూరప్రయాణాల బస్సు నడుపుతాడు. వారానికి నాలుగు రోజులు ఇంట్లో ఉండడు. ఉండేది అత్తగారు. ఆవిడకి చెవుడు. ఇల్లంతా కళ్ళతోనే వింటుంది.

“కుట్టుమిషను తొక్కితే జాకెట్టయినా వచ్చేదే. ఇది తొక్కితే ఏమొస్తుంది?”

“కాగితాలు, అత్తయ్యా.”

“అవి తొడుక్కోను పనికిరావుగా.”

గంట మాటలు రాయడానికి ఐదు గంటలు పడుతుంది. ప్రతి వాక్యాన్నీ మూడుసార్లు వినాలి. మూడోసారికి అందులోని మనిషి గదిలోకి వచ్చేస్తాడు. కాలు తీసేయాల్సినవాడు, రక్తం మార్చుకుంటున్నవాడు, పిల్లల్ని ఇంక కనలేనని మొన్ననే తెలిసిన అమ్మాయి. మధ్యాహ్నం ఎండ బల్ల మీంచి జారి నేల మీదికి, నేల మీంచి గోడ మీదికి పాకేలోపు ఒకరి బతుకు అయిపోతుంది. సాయంత్రానికి ఆమె ఒళ్ళు చాకిరేవు బండలా ఉంటుంది. అన్నం ముందు కూర్చుని తింటున్నానో లేదో తెలియని రోజులు బోలెడు.

ఎవరికైనా చెప్పుకుంటే దిగిపోయే బరువే. చెప్పుకోను వీల్లేదు. పనిలో చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితంలో ఉంది: ఇక్కడ విన్నది కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు, ఆ గొంతు మనిషి ఎదురుపడినా ఎరగనట్టే ఉండాలి. టేపుల్లో రోగులకి పేర్లుండవు, నంబర్లే. ఒకసారి కూరల అంగట్లో ఆమె వెనకాల పన్నెండో నంబరు గొంతు వంకాయలు బేరమాడింది. “పుచ్చులేనా మంచివేమైనా ఉన్నాయా?” అని. పోయిన నెల టేపులో ఆ గొంతే, మా ఆవిడ నన్ను చూసి భయపడుతోంది, నా ముఖం మారిపోయింది, అంది. టైపిస్టు వెనక్కి తిరగలేదు. ముఖం చూడాలని ప్రాణం కొట్టుకుంది. ఖాళీ సంచీతో ఇంటికొచ్చి, అత్తగారిచేత మాటలు పడింది.

ఇంకో నియమం మౌనం గురించి. రోగి మాట మధ్యలో ఆగితే ఎన్ని సెకన్లు ఆగాడో రాయాలి. “ఏం చెప్పారన్నది ఒక ఎత్తు, చెప్పేముందు ఎంతసేపు ఆగారన్నది ఒక ఎత్తు” అనేది మేడం. మొదటి నెలలో టైపిస్టు సరిగ్గా అర్థం చేసుకోక ఇద్దరి మౌనాలూ రాసి పంపింది, రోగివీ, మేడంవీ. మేడం ఫోన్ చేసి పకపకా నవ్వింది.

“నా మౌనంతో ఎవరికండీ పని? తర్వాతి ప్రశ్న కోసం వెతుక్కుంటూ ఉంటాను నేను. నావి తీసేయండి.”

తీసేసింది. కాగితం మీంచి తీసేసింది గాని చెవి ఊరుకోలేదు. కూరల జాబితా రాసుకునే నోటుపుస్తకంలో, తేదీ పక్కన, మేడం మౌనాలు పెన్సిలుతో గీకి పెట్టుకునేది. ఎందుకో తనకే తెలియదు. రెండు, మూడు, రెండు. ఉల్లిపాయల పక్కన రెండు, సబ్బు పక్కన మూడు. ఐదున్నర ఏళ్ళ పైన అలాగే నడిచాయి, పెద్దగా తేడా లేకుండా.

రెండున్నర నెలలుగా అంకెలు మారాయి. ఐదు. ఏడు. ఒకసారి తొమ్మిది. ఒక టేపులో రోగే నవ్వుతూ అడిగాడు, “మరి మీరెలా ఉన్నారు, ఎలా మేడం?” అని. వార్డంతా ఎన్నోసార్లు వేసిన జోకే అది, ఆవిడ ప్రతిసారీ నవ్వేది. ఈసారి నవ్వలేదు. ఎనిమిది సెకన్లు. ఆ తర్వాత, “నీళ్ళు తాగుతారా?” అంది.

టైపిస్టు పెన్సిలు పట్టుకుని ఆ ఎనిమిది వైపు చూస్తూ కూర్చుంది. అనుకున్నది రాయకూడదు. సరే. అనుకోకుండా ఉండడం ఎలాగో ఎవరూ నేర్పలేదు.

*

ఆ వారం కవరులో ఎప్పటిలాగే కార్డు, దాంతోపాటు జాబితా కాగితం. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. కింద మేడం చేతిరాతలో, “ఇంతటితో అయిపోయింది. అరవై మందీ పూర్తి. మీకూ నాకూ విశ్రాంతి.”

కార్డులో మాత్రం నాలుగు టేపులున్నాయి. నాలుగోదాని పేరు అరవై ఒకటి.

టైపిస్టు మూడూ పూర్తిచేసి, మధ్యాహ్నం అత్తగారికి అన్నం పెట్టి, ఆ నాలుగోది పెట్టుకుంది.

టక్. కుర్చీ. ఆమె (చప్పుడు) (కుర్చీ) అని రాసి, రెండో కుర్చీ కోసం ఆగింది. రెండో కుర్చీ జరగలేదు.

“చెప్పండి. ఎలా ఉన్నారు?”

పద్నాలుగు సెకన్లు.

“బాగానే ఉన్నాను.”

అదే గొంతు. టైపిస్టు పెడల్ తన్ని వెనక్కి తిప్పింది. మళ్ళీ అదే గొంతు. ప్రశ్నకి ముందు ‘ప’ అని, జవాబుకి ముందు ‘రో’ అని రాయడం అలవాటు, పరిశోధకురాలు, రోగి. వేలు మీట మీద ఆగిపోయింది. ఒక నిమిషం తర్వాత, తప్పు చేస్తున్నట్టు, రెండో వాక్యం ముందు ‘రో’ కొట్టింది.

“ఎప్పుడు తెలిసింది?”

“పదకొండు వారాలైంది. స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. ఎడమ చంక కింద, బఠాణీ గింజంత గడ్డ.”

“డాక్టరుకి చూపించారా?”

“చూపించాను. ముక్క తీసి పరీక్షకి పంపాలన్నారు. చీటీ రాసిచ్చారు.”

“ఆ చీటీ ఏం చేశారు?”

తొమ్మిది సెకన్లు.

“పుస్తకంలో పెట్టాను. ఎక్కడిదాకా చదివానో గుర్తుకి బాగా పనికొస్తోంది.”

నవ్వు. ఒక్కరిదే.

“ఇంట్లో చెప్పారా?”

“లేదు. ఆయనకి గుండె ఆపరేషనై రెండేళ్ళు కాలేదు. మెట్లెక్కితేనే ఆయాసపడతారు. ఆయన ముందు మామూలుగా ఉండడం బాగానే వచ్చింది నాకు. చాలామంది దగ్గర నేర్చుకున్నాను కదా.”

“మరి రోజు ఎలా గడుపుతున్నారు?”

“పనిలో పడ్డాను. నలభై మందితో ఆపేయొచ్చు, అందరూ అక్కడే ఆపేస్తారు. నేను అరవై చేశాను. ఇంకో పదిమందిని చేస్తే బాగుండునని ఉంది.” ఆరు సెకన్లు. “పనిలో పడి మరిచిపోవడానికి ప్రయత్నిస్తాను అని నా ప్రశ్నల కాగితంలో ఒక వాక్యం ఉంది. దానికి ఎదురుగా ఎప్పుడూ, అప్పుడప్పుడూ, తరచుగా అని మూడు గళ్ళు. ఆ గడి నింపినవాళ్ళని చూసి ఎన్నిసార్లు తల ఊపానో.”

“పరీక్షకి ఎప్పుడు వెళ్తారు?”

ఇరవై రెండు సెకన్లు. టైపిస్టు ఆరేళ్ళలో ఇంత పొడుగు మౌనం రాయలేదు. మధ్యలో కిటికీ బయట ఎక్కడో ట్రాలీ చక్రం కిర్రుమంది.

“వెళ్ళననుకుంటాను. అలిసిపోయానండీ. తెలియనివాళ్ళు వెళ్ళగలరు. నాకు ఏ వారం ఏం జరుగుతుందో తెలుసు. జుట్టు ఎప్పుడు ఊడుతుందో, చుట్టాలు ఎప్పుడు రావడం మానేస్తారో, ఏ నెలలో ఎవరు ఏమంటారో. ఇరవై ఏడేళ్ళు విన్నాను. మళ్ళీ అదంతా మొదట్నుంచి, నేనే చెబుతూ, నేనే వింటూ. వద్దు. ఇలాగే ఉండనివ్వండి కొన్నాళ్ళు.”

కుర్చీ జరిగింది.

“సరే. ఓపిగ్గా చెప్పారు. చాలా థాంక్స్ అండీ” అంది మేడం, ప్రతి టేపు చివరా రోగితో అనే మాట, ఎవరూ లేని కుర్చీతో.

*

టైపిస్టు చెవుల్లోంచి గొట్టాలు తీసింది. కింద ఇస్త్రీపెట్టె బరువుగా బల్ల మీద పడుతూ లేస్తోంది.

ఎవరికి చెప్పాలి? మేడం భర్తకా, మెట్లెక్కితే ఆయాసపడే ఆ లెక్కల మాస్టారికి? డాక్టర్లకా? సంతకం పెట్టిన కాగితం అందరికీ అడ్డం. అరవై ఒకటి కూడా నంబరే, నంబరంటే రోగే. రేపు ఆవిడే ఫోన్ చేసి, “అన్నీ అయ్యాయా?” అంటే, అయ్యాయి మేడం అనాలి. పుస్తకంలో చీటీ ఒక పేజీ నించి ఇంకో పేజీకి మారుతూ ఉంటుంది.

అత్తగారు గోడకి ఆనుకుని కోడలి ముఖం చూస్తోంది.

“ఏమైందే? నీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎవరికైనా ఒంట్లో బాలేదా?”

“నేను చెప్పకూడదు అత్తయ్యా.”

“గట్టిగా చెప్పు.”

“చెప్పకూడదూ!”

“చెప్పకు. చెప్పినా నాకు వినపడి చస్తే కదా.” అత్తగారు చీర కుచ్చిళ్ళు సర్దుకుని లేచింది. “సంతకం పెట్టావని నోరు కుట్టుకున్నావు, బాగుంది. కాళ్ళు కూడా కుట్టుకున్నావా? అవతల మనిషెవరో, పోయి పక్కన కూర్చుని రా. కూర్చోవడానికి నోరెందుకు?”

అప్పుడు గుర్తొచ్చింది టైపిస్టుకి, ఎర్ర గుర్తు.

టేపులో ఎవరైనా విని ఊరుకోలేని మాట అంటే, మందు మానేశానన్నా, బతకాలని లేదన్నా, కాగితం పైన ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి, అదే రోజు మేడంకి ఫోన్ చేయాలి. సంతకం కాగితంలోనే ఉంది ఆ నియమం, చివరి వరసలో. ఆరేళ్ళలో నాలుగుసార్లు పెట్టింది. లారీ డ్రైవరొకడు ఇంట్లోవాళ్ళ ముందు ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లోంచి తీసి, పెరట్లోకెళ్ళి కాలవలో పోస్తున్నానని చెప్పినప్పుడు, మేడం గంట తిరక్కుండా వాడి గుమ్మంలో ఉంది. నాలుగుసార్లూ అంతే. నాలుగుసార్లూ ఫోన్ రెండోసారి మోగగానే ఎత్తింది.

ఆమె సొరుగులో వెతికి ఎర్ర పెన్సిలు తీసింది. మొన మొద్దుబారి ఉంది. అరవై ఒకటో నంబరు కాగితం పైన, కుడి మూల, గుండ్రంగా గుర్తు పెట్టింది. ఫోన్ తీసింది.

రెండోసారి మోగగానే ఎత్తింది మేడం.

“మేడం, ఎర్ర గుర్తు పెట్టాను.”

“అయ్యో. ఎవరికండీ? యాభై తొమ్మిదా? ఆయన మాటతీరు నాకూ నచ్చలేదు.”

“అరవై ఒకటి మేడం.”

టైపిస్టు లెక్కపెట్టింది. తనకి తెలియకుండానే లెక్కపెట్టింది. పదకొండు సెకన్లు.

“అరవై మందే కదండీ.”

“కార్డులో అరవై ఒకటి ఉంది మేడం.”

“పొరపాటున పడి ఉంటుంది. అది... మిషను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకున్నాను. చెరిపేయండి.”

“ఎర్ర గుర్తు పెట్టాక చెరపకూడదన్నారు మీరు.”

“నేనే అన్నాను. ఇప్పుడు నేనే చెరపమంటున్నాను.”

ఆరేళ్ళలో టైపిస్టు మేడం మాటకి ఎదురు చెప్పి ఎరగదు. అత్తగారు ఎదురుగా నిలబడి పెదాల కదలిక చూస్తోంది, సినిమా చూసినట్టు.

“మేడం, ఎర్ర గుర్తు పెడితే మీరేం చేస్తారు?”

“...వెళ్తాను.”

“వెళ్ళి?”

“ఏముంది, పక్కన కూర్చుంటాను.”

“ఎంతసేపట్లో వెళ్తారు?”

అవతల ఊపిరి వినపడింది, ఆ నీళ్ళలోకి దిగేముందు ఊపిరి. “గంటలో” అంది మేడం.

“నేను బస్సెక్కుతున్నాను. మీరు గదిలోనే ఉండండి.”

*

ఆరేళ్ళలో వాళ్ళు ముఖాముఖీ చూసుకున్నది రెండుసార్లు, అదీ మొదట్లోనే. టైపిస్టు మూడు అంతస్తులు ఎక్కి తలుపు నెట్టేసరికి, గొంతుని బట్టి తను అనుకుంటున్న మనిషి కన్నా చిన్నగా, కిటికీ వైపు వీపు పెట్టి కూర్చుని ఉంది ఒకావిడ. తల నెరిసింది. బల్ల మీద పుస్తకం, పుస్తకంలోంచి తెల్లగా బయటికి నాలిక చాపిన చీటీ.

టైపిస్టు బస్సులో అనుకున్న మాటలన్నీ మెట్ల మీదే రాలిపోయాయి. తన చేతి గడియారం విప్పింది. మగవాళ్ళది, పాతది, భర్త వాడి వదిలేసింది. ముఖం కిందికి తిప్పి బల్ల మీద పెట్టింది.

టక్.

మేడం ఆ గడియారం వైపు చూసింది. పెదవి ఒక పక్కకి వంగింది. “బాగానే నేర్చుకున్నారు.”

“రోజూ వింటాను కదా మేడం.”

“ఇప్పుడు మీరు అడగాలి. ఎలా ఉన్నారు అని.”

“అడగను మేడం. అది మీ పని. నేను వినడానికొచ్చాను.”

చాలాసేపు ఇద్దరూ ఊరుకున్నారు. ఆ మౌనాన్ని మాత్రం టైపిస్టు లెక్కపెట్టలేదు. ఎక్స్‌రే గదిలోంచి ఎవరో ఫిల్ము కవర్లు దులుపుతున్న చప్పుడు, గోడ అవతల పావురాల గొణుగుడు. కిటికీలోంచి వచ్చిన ఎండ ఖాళీ అయిన టీ గ్లాసులో చిక్కుకుని, అక్కడే ఉండిపోయింది.

“పంపేటప్పుడు చూశాను” అంది మేడం చివరికి. “అరవై ఒకటి ఉందని చూశాను. తీసేద్దామని వేలు కూడా పెట్టాను. ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చి కవరు అంటించేశాను. పొరపాటో కాదో నాకే తెలియదండీ. ఇదే మాట ఇంకొకరు చెబితే ఏం రాసేదాన్నో తెలుసు. నా దగ్గరికొచ్చేసరికి చదువంతా ఎటుపోయిందో.”

టైపిస్టు సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. రెండున్నర నెలల కిందటి పేజీ తెరిచి ముందు పెట్టింది. మేడం కళ్ళజోడు పైకి తోసుకుని చదివింది.

“ఉల్లిపాయలు కిలో, ఐదు. పప్పు అరకిలో, ఏడు. సబ్బు, తొమ్మిది. ఏంటివి?”

“మీవి మేడం.”

“నా...?”

“మీ మౌనాలు. తీసేయమన్నారు. కాగితంలోంచి తీసేశాను.”

మేడం పేజీలు వెనక్కి తిప్పింది. రెండు, మూడు, రెండు, ఏళ్ళకేళ్ళు. మళ్ళీ ముందుకి వచ్చింది. ఐదు దగ్గర వేలు ఆపి తేదీ చూసింది. వేళ్ళు మడిచి వారాలు లెక్కపెట్టింది. సరిపోయింది కాబోలు, పుస్తకం మూసింది.

“ఇంట్లో ఎవరూ కనిపెట్టలేదు, ఆయనతో సహా. ఒక్కరి కంటా పడలేదని కాస్త గర్వంగా కూడా ఉండేది” అంది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు. జలుబు కాదు. టైపిస్టుకి తెలుసు, ఈసారి అనుకోవచ్చు.

“నాకు ఓపిక లేదండీ” అంది మేడం, చిన్నపిల్లలా. “వెళ్ళాలని తెలుసు. లేచి నిలబడే ఓపిక లేదు.”

“మీకు ఓపిక ఉన్నప్పుడే వెళ్దాం మేడం. రేపు పొద్దున తొమ్మిదింటికి.”

మేడం నవ్వింది. ఆ గదిలో, ఆ పూటకి, అంతే.

*

పరీక్షల గది కింది అంతస్తులో, నడవా చివర. మర్నాడు తొమ్మిదింటికి మేడం చీటీ పట్టుకుని వచ్చింది. పుస్తకం మడతలో పదకొండు వారాలు నలిగి చీటీ మధ్యలో గీత పడింది. రాత్రి నిద్రపోలేదని ముఖమే చెబుతోంది.

“ఆయనకి చెప్పాను నిన్న” అంది కూర్చుంటూ. “బఠాణీ అంటే పచ్చిదా ఎండుదా, ఎన్ని మిల్లీమీటర్లు అని అడిగారు. లెక్కల మాస్టారు కదా. నేను ఏడుద్దామనుకున్నదాన్ని నవ్వేశాను. ఆయన నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగారు.”

“ఆయాసం వచ్చిందా?”

“రాలేదు. నేనే అనవసరంగా...” చీటీ మీది గీతని వేలితో సాపు చేసింది. “వస్తానన్నారు ఇవాళ. ఫలితం రోజున రండి, ఆ రోజు ఎక్కువ పని ఉంటుంది మీకు అన్నాను.”

నడవాలో బల్లల మీద ఎవరెవరో కూర్చుని ఉన్నారు. ఒకాయన ఆవిడని గుర్తుపట్టి చెయ్యెత్తాడు. “ఎలా మేడం! ఇక్కడేంటి, ఇవాళ ఇక్కడ అడుగుతున్నారా?”

“లేదండీ. ఇవాళ నా వంతు” అంది మేడం.

ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. తర్వాత నెమ్మదిగా దించి, పక్కకి జరిగి, బల్ల మీద ఆవిడకి ఇంకాస్త చోటిచ్చాడు.

నర్సు తలుపు తీసి నంబరు పిలిచింది. అరవై ఒకటి కాదు, వేరే ఏదో. మేడం చీటీ చూసుకుని, తనదేనని తెలుసుకోవడానికి ఒక క్షణం తీసుకుని, లేచింది. లోపల లోహం ఉండకూడదన్నారు. గడియారం విప్పింది. పెట్టడానికి బల్ల కనపడక అటూ ఇటూ చూసి, టైపిస్టు చేతిలో పెట్టింది, అలవాటు కొద్దీ ముఖం కిందికి తిప్పి.

తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. టైపిస్టుని, ఆమె పక్కన సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనుషుల్ని, భార్యల్ని, అన్నల్ని, ఎవరి కోసమో ఎదురుచూస్తూ నేలకేసి చూస్తున్నవాళ్ళని ఒకసారి చూసింది, ఇన్నేళ్ళుగా నడిచిన నడవాని ఇవాళే చూసినట్టు.

“బయట కూర్చునేవాళ్ళని ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదండీ నేను. వచ్చాక అడుగుతాను, ఎలా ఉందో గుర్తుపెట్టుకోండి.”